47వ నంబర్ వోల్: ఒక టండ్రా ప్రాజెక్టు డైరీ

జూన్ 27, కొమాగ్‌దాలెన్ లోయ

రాత్రి పన్నెండున్నరకి బోన్లు చూసి గుడారానికి తిరిగొచ్చాం. టార్చి అక్కర్లేదు. నార్వే ఈశాన్య కొసన ఉన్న ఈ వరంగెర్ ద్వీపకల్పంలో మే మధ్య నుంచి జూలై చివరి దాకా పొద్దు కుంకదు. వాచీ చూసుకుంటే తప్ప రాత్రయిందని తెలియదు. ఒళ్లు మాత్రం తనకి తెలుసంటుంది.

ఈ ప్రాజెక్టు ఎందుకో మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవాలి, తర్వాత పనిలో పడి మర్చిపోతాను. ఇక్కడ మూడు నుంచి ఐదేళ్లకోసారి ఎలుకల సంఖ్య విపరీతంగా పెరిగి, ఆ వెంటనే కుప్పకూలుతుంది. కూలిన ప్రతిసారీ మిగిలేవి కొన్నే. తర్వాతి తరాలన్నీ ఆ కొన్నింటి సంతానమే. ఆ లెక్కన జన్యు వైవిధ్యం ఎప్పుడో అడుగంటి ఉండాలి. అడుగంటలేదు. సైబీరియా లెమ్మింగుల్లోనూ, ఇక్కడి ఫిన్‌మార్క్ ప్రాంతపు వోల్స్‌లోనూ (రెండూ చలి ప్రాంతాల పొట్టి తోక ఎలుకలే) ఇప్పటికే చూశారు, వైవిధ్యం నిక్షేపంగా ఉంది. అది ఎలా నిలుస్తోందో తెలియాలంటే ఏ ఎలుక ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోయి పిల్లల్ని కన్నది అన్నది పట్టుకోవాలి.

మేం పట్టేది టండ్రా వోల్‌ని. పొట్టి తోక, మొద్దు మూతి, బొచ్చులో మునిగిపోయిన చెవులు. ఏటి గట్టున విల్లో పొదల మధ్య తడిగా ఉండే పచ్చిక ముక్కల్లో ఉంటుంది. ఆ ముక్కల్ని నేను మడులంటున్నాను, పరిశోధనా పత్రాల్లో ఏమన్నా సరే. మొత్తం తొమ్మిది మడులు ఎంచుకున్నాం. 6వది ఒక్కటే ఏటికి అవతల.

ఒక్కో బోనులో గుప్పెడు ఓట్స్, ఒక క్యారెట్ ముక్క, వెచ్చదనానికి ఎండుగడ్డి. పన్నెండు గంటలకోసారి తప్పనిసరిగా చూడాలి. ఇది ప్రాణాలతో పట్టే బోను. ఇదే ప్రాంతంలో ఏళ్లుగా సాగే లెక్కింపు పద్ధతి వేరు: 15 మీటర్ల చదరం, మూలకి మూడు చొప్పున 12 చంపే బోన్లు, ఓట్స్, ఎండుద్రాక్ష ఎర. సంఖ్య తెలియడానికి అది చాలు. నాకు మాత్రం ఈ నెల పట్టిందే సెప్టెంబర్‌లో మళ్లీ దొరకాలి.

ఇవాళ 3వ మడిలో ఒక మగది పడింది. బోను నోటికి ప్లాస్టిక్ సంచి పట్టి తలకిందులు చేస్తే, ముందు గడ్డి, తర్వాత ఓట్స్, ఆఖరున అది. సంచితో సహా స్ప్రింగ్ త్రాసుకి తగిలించాను. సంచి బరువు పోను 48 గ్రాములు. సంచి పైనుంచే మెడ వెనక చర్మం పట్టుకుని, చెవి కొసన రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ఆల్కహాల్ ట్యూబ్‌లో వేసి, మూత మీద 47 అని రాశాను. ఈలోపు అది గ్లౌజ్‌లోంచి పళ్లు గుచ్చుకునేలా కొరికింది. వదలగానే పారిపోతుందనుకుంటే, రెండడుగుల దూరంలో ఆగి ఒక గడ్డిపోచ కొరుక్కుంటూ కూర్చుంది.

జూలై 2

వర్షం. బోన్లు మూసేశాం. ఈ విడతలో 61 శాంపిల్స్.

బోన్లలో ఒకే ఒక్క లెమ్మింగ్ పడింది, అదీ మడిలో కాదు, పైన నాచు నేల పక్కన. నలుపు, పసుపు మచ్చలు. వోల్ అయితే దొరికిన వెంటనే నక్కి కూర్చుంటుంది. ఇది వెనక కాళ్ల మీద లేచి కీచుమంటూ మీదికొచ్చింది. అరచేతిలో పట్టే ప్రాణికి అంత పొగరు!

నేను ఈ పని చేస్తున్నానని తెలిసిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: అవి కొండ మీంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయట కదా? చేసుకోవు. 1958లో వచ్చిన ఒక అమెరికన్ డాక్యుమెంటరీ కోసం కెనడాలో లెమ్మింగులని కొని తెచ్చి, మనుషులే నీళ్లలోకి తోశారు. సంఖ్య బాగా పెరిగినప్పుడు అవి కొత్త చోటు వెతుక్కుంటూ పోవడం, ఏరు దాటబోయి కొన్ని మునిగిపోవడం నిజం. ఆ ఏడాదిని ఇక్కడివాళ్లు లెమెనోర్ అంటారు, లెమ్మింగుల ఏడు అని. మాకు ఇది లెమెనోర్ కాదు, వోల్స్ మాత్రం పుంజుకుంటున్నాయి.

సెప్టెంబర్ 9, మళ్లీ లోయలో

జూన్‌లో వరసగా ఖాళీగా కనిపించిన బోన్లు ఇప్పుడు తెరిస్తే చాలు, ఎలుకే. గర్భం మూడు వారాలే. ఈతకి ఐదారు పిల్లలు. ఆ ఆడపిల్లలు నెల తిరక్కుండానే తామూ కడుపుతో ఉంటాయి. ఒక వేసవి చాలు వీటికి. గడ్డిలో అవి నడిచే సన్న దారులు సొరంగాల్లా కనిపిస్తున్నాయి. ఉదయం మంచు పడింది, వేళ్లు కొయ్యబారిపోయి ట్యూబ్ మూతలు పళ్లతో తీశాను. ఆల్కహాల్ రుచి చూశాను. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్ 12

ఒక తలనొప్పి. బ్యాగులో ఒక ట్యూబ్ కారి పక్కవాటిని తడిపింది. మార్కర్ రాతలు ఆల్కహాల్‌కి కరిగిపోయాయి. మూడు ట్యూబులు అనాథలయ్యాయి. నోట్‌బుక్‌లో వరస చూసి ఊహించవచ్చు గానీ, ఊహించిన నంబర్‌తో డీఎన్‌ఏ చదివితే అది శాంపిల్ కాదు, పుకారు. మూడూ పక్కన పెట్టేశాను. ఇకపై పెన్సిల్. చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి ట్యూబ్ లోపలే వేస్తే ఆల్కహాల్ దాన్నేమీ చేయలేదు. నాతో ఫీల్డ్‌కి వచ్చినామె ఇది మొదటి రోజే చెప్పింది. నేను నవ్వాను.

ఈ విడత 233. జూన్‌తో కలిపి 294. జూన్‌లో చెవి కత్తిరించినవాటిలో మళ్లీ దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అన్నీ ఆడవే, అన్నీ అదే మడిలో. మగవి ఒక్కటీ లేదు. 47 కూడా లేదు. చచ్చిపోయిందా, వెళ్లిపోయిందా? బోన్లతో ఈ రెండూ విడదీయలేం. జన్యువుల దాకా వెళ్లేది అందుకే.

నవంబర్ 18, ఉత్తర నార్వేలోని ట్రోమ్సో ఊరు, ల్యాబ్

చెవి ముక్కని ఎంజైములో వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కరిగిపోతుంది. అక్కడి నుంచి డీఎన్‌ఏ వేరు చేయడం, మార్కర్లని, అంటే గుర్తుగా చూసే డీఎన్‌ఏ చోట్లని, పీసీఆర్‌తో (కాపీలు తీసే పద్ధతి) పెంచడం. రోజూ అదే పని, రాయడానికేమీ లేదు.

మేం చూసే మార్కర్లు మైక్రోశాటిలైట్లు. డీఎన్‌ఏలో రెండక్షరాల ముక్క నత్తి మాటలా పదేపదే వచ్చే చోట్లు. ఎన్నిసార్లు వచ్చిందన్నది ఒక్కో జంతువులో ఒక్కోలా ఉంటుంది. మెషిన్ ఆ ముక్క పొడవుని శిఖరంలా గీసి చూపిస్తుంది: 183, 187, 191. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మెషిన్‌కీ నత్తి ఉంది. 187 దగ్గర పెద్ద శిఖరం వస్తే పక్కనే 185 దగ్గర పిల్ల శిఖరం గీస్తుంది. అది నిజం కాదు. కళ్లు మండేదాకా ఇవే చూస్తే రాత్రి కలలో కూడా కొండలే.

నవంబర్ 24

ప్లేట్ తిరగబడింది.

96 గుంటల ప్లేట్‌లో ఏ1 నుంచి శాంపిల్స్ మొదలవుతాయి. ఆఖరి గుంట హెచ్12లో శాంపిల్ వేయం, కంట్రోల్ కింద నీళ్లు మాత్రమే. అక్కడ గీత చదునుగా రావాలి. రెండో ప్లేట్‌లో హెచ్12లో రెండు చక్కటి శిఖరాలొచ్చాయి. మొదట గుండె జారింది, అంతా కలుషితమైపోయిందనుకున్నాను. వాడిన రసాయనాలన్నీ పారేయడానికి లేచాను కూడా. అప్పుడు ఏ1 చూశాను. అక్కడ చదును.

అంటే మెషిన్‌లో పెట్టేటప్పుడు ప్లేట్‌ని అటుదిటు చేసి పెట్టాను. మొదటిది ఆఖరిదై, ఆఖరిది మొదటిదైంది. పేర్ల పట్టిక తిరగేసి ఫైల్ సరిదిద్దితే సరిపోతుంది. అయినా మనసొప్పక ప్లేట్ మొత్తం మళ్లీ నడిపాను. ఆ నీళ్ల గుంట లేకపోతే 95 ఎలుకలు ఒకదాని పేరుతో ఒకటి జీవితాంతం ఉండిపోయేవి.

డిసెంబర్ 11

ఊళ్లో సూర్యుడు కనబడక రెండు వారాలు దాటింది.

7వ మార్కర్‌లో ఏదో తేడా. ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఎలుకలు ఒకే పొడవుతో కనిపిస్తున్నాయి, అంటే తల్లీ తండ్రీ ఇచ్చినవి రెండూ ఒకటే. దీనికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ప్రైమర్ (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కోవాల్సిన చోట మార్పు వచ్చి ఒక అల్లీల్, అంటే ఆ మార్కర్‌కి ఉన్న రూపాల్లో ఒకటి, అసలు పెరగకపోవడం. రెండు, నేను వేర్వేరు గుంపుల్ని ఒకే గుంపుగా కలిపి లెక్కకట్టడం. రెండోదైతే అన్ని మార్కర్లలోనూ ఇదే కనిపించాలి. ఒక్కదాంట్లోనే ఉంది కాబట్టి తప్పు మార్కర్‌దే. 7 అవుట్.

ఇంగ్లండ్ జీవావరణ శాస్త్రజ్ఞుడు చార్లెస్ ఎల్టన్ 1923లో ఆర్కిటిక్ దీవి స్పిట్స్‌బెర్గెన్ నుంచి తిరిగొస్తూ ఇదే ఊళ్లో ఆగాడు. చేతిలో మిగిలిన కాస్త డబ్బులోంచి, నార్వే జంతువుల మీద రాబర్ట్ కొలెట్ రాసిన లావుపాటి పుస్తకం కొన్నాడు. అందులో ఏయే ఏళ్లలో లెమ్మింగులు విరుచుకుపడ్డాయో వివరాలున్నాయి. జంతువుల సంఖ్య ఒక లయలో పెరిగి తరుగుతుందని 1924లో అతను రాసిన వ్యాసానికి ఊతం అక్కడ దొరికింది. ఆ పుస్తకాల షాపు ఎక్కడుండేదోనని ప్రతి శనివారం అనుకుంటాను, మంచులో జారిపడతానేమోనన్న భయంతో ఇంటికే పోతాను.

జనవరి 14

47వ నంబర్ మళ్లీ తగులుకుంది.

ఒక్కో ఎలుక జన్యువులు ఏ మడి సగటుకి దగ్గరగా ఉన్నాయో చూసే పరీక్ష పెట్టాను. జూన్‌లో పట్టినవి చాలావరకు దొరికిన మడికే చేరాయి. 47 మాత్రం దొరికింది 3లో, ప్రోగ్రామ్ చేర్చింది 6లో. ఏటికి అవతల! ఒక మార్కర్‌లో దానికి 187, 191 ఉన్నాయి. 187 అనేది 6వ మడిలో ఎటు చూసినా ఉంది, 3లో జూన్‌లో పట్టినవాటిలో ఇంకెవరికీ లేదు.

ప్లేట్ తిప్పిన చేతులివి, నమ్మకం ఎలా కుదురుతుంది? ట్యూబ్‌లో మిగిలిన చెవి ముక్క తీసి, మళ్లీ మొదటి నుంచి డీఎన్‌ఏ తీసి, మళ్లీ చదివాను. అదే 187, అదే 191. నోట్‌బుక్ తీశాను: "3వ మడి, మగ, 48 గ్రా., కొరికింది." ట్యూబ్ మారలేదు, ప్లేట్ తిరగలేదు. ఎలుకే ఏరు దాటింది.

దీన్ని ఏమనాలన్నది నాకెప్పుడూ ఇబ్బందే. వలస అంటే వెళ్లి మళ్లీ తిరిగొచ్చే పక్షులు గుర్తొస్తాయి. ఇది పుట్టిన చోటు వదిలి, వేరే చోట స్థిరపడి, అక్కడే పిల్లల్ని కనడం. వోల్స్‌లో ఆడపిల్లలు తల్లి దగ్గరే చుట్టుపక్కల కాపురం పెడతాయి, ఇల్లు వదిలేవి మగపిల్లలు. ఇల్లరికం అనేస్తే పని జరిగిపోతుంది.

ఫిబ్రవరి 6

ఇవాళ కంప్యూటర్ ముట్టలేదు. కాగితం, పెన్ను.

ఊహకి ఒక మడి. నాలుగు తరాల్లో దాని సంఖ్య 20, 100, 1000, 300 అనుకుందాం. మామూలు సగటు 355. కానీ జన్యువులకి ఆ సగటుతో పని లేదు. తలకిందుల సగటు, అదే హరాత్మక సగటు, కట్టాలి. అది 62. 1000 ఉన్న తరం ఎంత సందడిగా ఉన్నా, లెక్కని శాసించేది 20 మిగిలిన తరమే.

ఇక్కడి దాకా పాఠ్యపుస్తకం. నన్ను ఆపింది తర్వాతి లెక్క. 20 ఎలుకలు ఒక తరం పాటు ఉంటే పోయే వైవిధ్యం నలభయ్యో వంతు, అంటే రెండున్నర శాతమే. పెద్ద దెబ్బేం కాదు. దెబ్బ తగిలేది అరుదైన అల్లీళ్లకి. నూటికి ఒక్కటిగా ఉన్న అల్లీల్, 20 ఎలుకల్లోని 40 కాపీల్లో ఒక్కదాంట్లోనూ లేకుండా పోయే అవకాశం మూడింట రెండు వంతులు. అదే తొమ్మిది మడులూ చూస్తే? ఒక్కోదాంట్లో 20 చొప్పున 180 ఎలుకలు, 360 కాపీలు. అన్నింటిలోనూ ఒకేసారి పోయే అవకాశం 3 శాతం లోపే.

అంటే కూలిన ఏడు ప్రతి మడీ ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది, కానీ ఏ రెండూ సరిగ్గా ఒకే సరుకు పోగొట్టుకోవు. 3లో పోయింది 6లో ఉంటుంది. సంఖ్య పుంజుకునేటప్పుడు ఎవరో ఒకరు ఏరు దాటి దాన్ని తెచ్చిస్తే చాలు. 47 తెచ్చింది అదే.

ఫిబ్రవరి 19

ఎంతమంది దాటుతున్నారు? దీనికి అందరూ వాడే సులువైన సూత్రం ఒకటుంది. మడుల మధ్య తేడాని కొలిచే ఎఫ్ఎస్‌టీ 0.05 అయితే, తరానికి దాదాపు ఐదుగురు వలసదారులని చెప్పేస్తుంది. కానీ ఆ సూత్రం నిలకడగా ఉండే సంఖ్యల కోసం, చాలా తరాలు ఏ మార్పూ లేకుండా గడిచాక పనికొచ్చేది. నాలుగేళ్లలో ఇరవై నుంచి వెయ్యికి ఎగిరి పడే జీవి దగ్గర నిలకడ ఎక్కడిది? 1999లో విట్లాక్, మెక్‌కాలీ అనే పరిశోధకులు ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడొద్దని గట్టిగానే రాశారు. ఆ తర్వాత కూడా అందరూ వాడుతూనే ఉన్నారు. నేనూ ఒక పట్టికలో పెట్టాను. ఇవాళ తీసేశాను.

ఇంకో చిక్కు. జనం ఎక్కువైతే ఎక్కువమంది వెళ్లిపోతారని ఎవరైనా అనుకుంటారు. దక్షిణ నార్వేలోని ఎవెన్‌స్టాడ్‌లో ఇవే వోల్స్‌ని ఆవరణల్లో ఉంచి చూస్తే తద్విరుద్ధంగా వచ్చింది: సాంద్రత పెరిగేకొద్దీ వెళ్లేవాటి నిష్పత్తి తగ్గింది. చుట్టూ ఉన్న ప్రతి అంగుళానికీ ఒక ఓనర్ ఉంటే పిల్లది ఎక్కడికి పోతుంది? 47 దాటింది జూన్‌కి ముందు, మడులు సగం ఖాళీగా ఉన్నప్పుడు. అయితే నిష్పత్తి వేరు, సంఖ్య వేరు. వెయ్యిలో రెండు శాతం అంటే ఇరవై, ఇరవైలో పది శాతం అంటే రెండే. కానీ ఖాళీ మడిలోకి వచ్చిన ఇద్దరి మాటకి విలువుంది, కిక్కిరిసిన మడిలోకి వచ్చిన ఇరవైమందికి లేదు.

మార్చి 17

సెప్టెంబర్ శాంపిల్స్‌ని స్ట్రక్చర్ అనే ప్రోగ్రామ్‌కి ఇచ్చాను. ఎలుకల్ని తనంతట తానే గుంపులుగా విడదీస్తుంది. ఎంత అందంగా వచ్చిందో! మడికో రంగు, కొన్ని మడుల్లో రెండు రంగులు. ఇంత చిన్న లోయలో ఇంత స్పష్టమైన నిర్మాణమా అని సంబరంగా మా గైడ్‌కి చూపించాను. ఆవిడ స్క్రీన్ వంక కాసేపు చూసి, "వీటిలో అమ్మాకూతుళ్లు ఎన్ని?" అని మాత్రం అడిగారు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు.

బంధుత్వం లెక్కకట్టే ప్రోగ్రామ్‌కి పెడితే తేలింది. నేను జనాభాలనుకున్న రంగుల్లో కొన్ని జనాభాలు కావు, కుటుంబాలు. ఒకే తల్లి పిల్లలు అదే మడిలో, పక్కపక్క బోన్లలో పడ్డాయి. వాటి జన్యువులు దగ్గరగా ఉండటంలో వింతేముంది? ప్రోగ్రామ్ దాన్ని గుంపు అంది, నేను చప్పట్లు కొట్టాను.

ఏప్రిల్ 4

చికిత్స సులువే: తోబుట్టువుల్లో ఒక్కోదాన్ని మాత్రం ఉంచి మిగతావి తీసేయడం. తీసేశాను. రంగులు సగానికి సగం కలిసిపోయాయి. మడుల మధ్య తేడా మొత్తం మీద తగ్గింది. శుభ్రంగా, మర్యాదగా ఉన్న ఫలితం.

ఒక్కచోట మాత్రం తిరకాసు. 3వ మడికీ 6వ మడికీ మధ్య తేడా పెరిగింది. అన్నీ తగ్గుతుంటే ఇదెందుకు పెరగాలి?

ఏప్రిల్ 5

తీసేసినవాటి జాబితా ఒక్కో నంబర్ చొప్పున చదివాను. 3వ మడి నుంచి తీసేసిన పిల్లల్లో 187 ఉన్నవి వరసగా తగిలాయి. తండ్రి ఎవరని పరీక్ష పెట్టాను. ఎనిమిది పిల్లలకి తండ్రి 47. కనీసం ఇద్దరు తల్లులు.

సెప్టెంబర్‌లో దొరకలేదు కాబట్టి చచ్చిపోయిందో, వెళ్లిపోయిందో అని రాసుకున్నాను కదా. ఏదైనా కానీ, ఈలోపు ఎనిమిదిమందిని ఇచ్చి పోయింది. బోన్లలో పడనివి ఇంకెన్నో. ఏరు దాటి రావడం ఒక ఎత్తు, వచ్చి పిల్లల్ని కనడం ఇంకో ఎత్తు. రెండోదే జన్యువులకి లెక్క. దానికి నా దగ్గరున్న సాక్ష్యం ఆ ఎనిమిది పిల్లలు. తోబుట్టువుల ఏరివేతలో వాటిని రెండు చేసింది నేనే. చెత్త ఊడుస్తున్నాననుకుని పోయిన ఉంగరం కూడా ఊడ్చేశాను.

గైడ్‌కి చెప్తే, 2017లో వాపుల్స్, ఆండర్సన్ రాసింది చదవమన్నారు. తోబుట్టువుల్ని కనబడినవెల్లా తీసేయొద్దని వాళ్ల హెచ్చరిక. చిన్న గుంపులో ఎక్కువమంది తోబుట్టువులుండటం తప్పు కాదు, ఆ గుంపు చిన్నదనడానికి గుర్తే అది. ఒకే గూడు దగ్గర బోన్లన్నీ పెట్టి పడితే అది నా తప్పు. ఈ రెండూ విడదీయాలంటే ఒక్కో పిల్ల ఏ బోనులో పడిందో చూడాలి. బోన్ల నంబర్లు నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఫైల్‌లో ఎక్కించలేదు, అనవసరం అనుకున్నాను.

ఏప్రిల్ 20

294 ఎలుకల బోను నంబర్లు ఎక్కించడం అయింది. మూడు అనాథలకి ఖాళీ గడి.

47 పిల్లలు ఒక మూలనే పోగుపడలేదు, 3వ మడి ఈ చివర నుంచి ఆ చివర దాకా పడ్డాయి. అవి ఉంటాయి. 8వ మడిలో ఒకే బోనులో, దాని పక్కదాంట్లో పడ్డ ఆరు పిల్లల్లో ఒకటే ఉంటుంది. ప్రతి కుటుంబానికీ ఇలా విడిగా తీర్పు చెప్పడం పద్ధతిగా కనిపించదని తెలుసు. ఏది ఎందుకు ఉంచానో, ఎందుకు తీశానో పట్టిక పెడతాను, ఒప్పుకోనివాళ్లు మళ్లీ లెక్కకట్టుకోవచ్చు.

ఒక గుబులు కూడా రాసి పెట్టాలి. దక్షిణ నార్వే పర్వతాల్లో, ఫిన్సె దగ్గర, 1994 తర్వాత లెమ్మింగుల సంఖ్య విపరీతంగా పెరిగే ఏడు చాలా ఏళ్లు రాలేదు. చలికాలంలో వాన పడి, మంచు అడుగున నేలకి ఐస్ పట్టేస్తే వాటికి తిండీ ఉండదు, తిరిగే ఖాళీ కూడా ఉండదు. ఇక్కడా అదే జరిగితే కూలడాలుంటాయి, పుంజుకోవడాలుండవు. 2009లో ఇక్కడి రెండు వోల్ జాతుల్ని చూసినప్పుడు ఏళ్ల తరబడి సాగే ఈ ఒడిదుడుకులు వైవిధ్యాన్ని తగ్గించడం కాదు, పెంచుతున్నాయని తేలింది. అది చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. తొమ్మిది మడుల లెక్క కాగితం మీద వేసుకున్నాక నమ్ముతున్నాను.

జూన్ 19, కొమాగ్‌దాలెన్

మళ్లీ గుడారం. మంచు కరిగిన చోటల్లా చలికాలపు గూళ్లు బయటపడ్డాయి, చేతి బంతులంత ఎండుగడ్డి ఉండలు. ఏరు ఉరవడిగా ఉంది, దుంగలు కొట్టుకొస్తున్నాయి. దీన్నా అది దాటింది అని గట్టున నిలబడి కాసేపు చూశాం. చలికాలంలో పైన ఐస్ కట్టినప్పుడు దాటి ఉంటుందని నాతో ఉన్నామె అంది. అయ్యుండొచ్చు.

ఈసారి బోన్ల మధ్య దూరం పెంచాం, ప్రతి బోనుకీ జీపీఎస్ గుర్తు పెట్టాం. మొదటి రాత్రి 3వ మడిలో ఒకే ఒక్కటి పడింది. ఆడది, 39 గ్రాములు, కడుపుతో ఉంది. చెవికి పాత గాటు లేదు. కొరకలేదు. చెవి ముక్క ట్యూబ్‌లో వేసి, కాగితం మీద పెన్సిల్‌తో 295 అని రాసి లోపల వేశాను.